హన్మవ్వ వాకిట్లో బొంబాయి రైలు

హన్మవ్వను దాదర్ స్టేషన్‌లో రైలు వదిలేసి పోయిందని బోధన్‌లో ఎవరూ అనరు. తానే ఎవడితోనో పోయిందంటారు. ఆ మాట మొట్టమొదట అన్నవాడు పరాయివాడు కాదు. ఆమె మొగుడికి సొంత అన్న, బాపురావు.

నలభై ఏళ్లు దాటిన సంగతి. హన్మవ్వకు పెళ్లయి అప్పటికి ఏడాది. మొగుడు కాశయ్య బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. లోయర్ పరేల్ దగ్గర గది దొరికిందని, భార్యను తోలుకురమ్మని అన్నకు కబురు పెట్టాడు. బాపురావు అంతకుముందే బొంబాయి చూసొచ్చినవాడు, ఆ ముచ్చట బస్తీలో అందరికీ విసుగొచ్చేదాకా చెప్పినవాడు. మన్మాడ్‌లో బండి మారి, మరదలిని వెంటబెట్టుకుని పొద్దున్నే దాదర్‌లో దిగాడు. అక్కణ్నుంచి లోకల్ రైల్లో రెండు స్టేషన్లు. అంతే దూరం.

లోకల్ వచ్చి ఆగింది. బోధన్ బస్టాండులో ఏం చేస్తారో హన్మవ్వ అదే చేసింది. మనవైపు బస్సు వచ్చిందంటే ముందుగా ఎక్కేది మనిషి కాదు. కిటికీలోంచి దస్తీ పోతుంది, తువ్వాల పోతుంది, సంచి పోతుంది, మరీ రద్దీగా ఉంటే చంటిపిల్ల కూడా పోతుంది. అది పడ్డ సీటు వాళ్లది. కండక్టరైనా సరే, ఆ హక్కును కాదనడు. సీటు మనదయ్యాక తొందరేముంది? దిగేవాళ్లను దిగనిచ్చి, చెప్పులు సవరించుకుని నింపాదిగా ఎక్కవచ్చు. హన్మవ్వ గుంపు తలల మీదుగా బట్టల మూటను ఖాళీ సీట్లోకి విసిరింది. బావ లోపలికి దూరాడు. ఆమె దిగేవాళ్లకు దారిచ్చి పక్కకు నిలబడింది. వాళ్లింకా దిగుతూనే ఉన్నారు, రైలు కదిలింది.

మరుసటి స్టేషన్‌లో దిగి ఎదురు బండి పట్టుకుంటే బాపురావు కాసేపట్లో తిరిగొచ్చేవాడు. రాలేదు. పోయినవాళ్లు తిరిగి వస్తారని హన్మవ్వ అదే ప్లాట్‌ఫారం మీద సాయంత్రం దాకా కదలకుండా నిలబడింది. నీళ్ల కోసం కూడా పోలేదు, ఆ కాస్తలో బావ వచ్చి వెతుక్కుంటాడేమోనని. బాపురావు అప్పటికి తమ్ముడి గదికి చేరాడు. మూట కింద పెట్టి చెప్పాడు: "ఎన్కకు మర్రి సూసేసరికి లేదు తమ్మీ. దాదర్ల ఎవనితోనో మాట్లాడుతుండె. పోయినట్టుంది."

ఏడుస్తున్న హన్మవ్వను చేరదీసింది మనవైపు కమ్మర్‌పల్లి నుంచి బతుకుదెరువుకు పోయిన వెంకటవ్వ. వర్లిలో బీడీలు చేసుకునే మనిషి. ఏడుపు తెలుగులో వినబడితే ఆగింది. "ఏ ఊరు బిడ్డా?" అని అడిగింది. బోధన్ అనగానే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. తెలుగువాళ్లున్న గల్లీలన్నీ అడిగి అడిగి, కొన్నాళ్లకు కాశయ్య గది ఆచూకీ దొరకబట్టి, తానే వెంట వెళ్లింది.

కాశయ్య తలుపులో నిలబడి ఒక్కటే అడిగాడు. "ఇన్నొద్దులు ఎవని తాన ఉన్నవ్?"

వెనక మంచం మీద బాపురావు కూర్చుని ఉన్నాడు. హన్మవ్వ మొగుడి భుజం మీదుగా ఆయన వంకే చూసింది. ఆయన ఒక్క మాట అంటే చాలు. బాపురావు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, వాళ్ల మధ్యలోంచే బయటికి పోయాడు.

కాశయ్య మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మిల్లు మూతబడ్డాక ఇంటికొచ్చి, నాలుగేళ్ల కిందట చనిపోయాడు. హన్మవ్వ మాత్రం వెంకటవ్వ దగ్గరే ఉండి బీడీలు చేసింది, మనవాళ్ల మెస్సులో రొట్టెలు కాల్చింది. నిజామాబాద్ వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లను స్టేషన్లలో దించుకునే పని ఎవరూ ఇవ్వకుండానే ఆమె నెత్తిన పడింది. వెంకటవ్వ చనిపోయాక బోధన్ వచ్చి, రాకాసిపేటలో తల్లి వదిలిపోయిన రెండు గదుల ఇంట్లో ఉంటోంది. మళ్లీ బీడీలే.

వచ్చిన కొత్తలో ఆడవాళ్లు ఆమె పక్కన చాట పెట్టుకుని కూర్చునేవాళ్లు కాదు. బొంబాయి హన్మవ్వ అని మూతి తిప్పేవాళ్లు. తర్వాత ఎవరింట్లోనో పిల్లాడికి గుండెకు ఆపరేషన్ అని డాక్టర్లు బొంబాయి రాసిచ్చారు. ఇంకెవరికో దుబాయి వీసా ఇంటర్వ్యూ పడింది. ఇంకొకరి కూతురిని భివండిలో ఇచ్చారు. మూతి తిప్పినవాళ్లే సందు మొదట్లో చెప్పులు విడిచినంత వినయంగా వచ్చారు. "అక్కా, జర దారి చెప్పవా?" హన్మవ్వ ఒక్కరిని కూడా తిప్పి పంపలేదు. అలా వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా, "నాడు నిజంగ ఏమైందక్కా?" అని అడగలేదు. మనుషులకు దారి కావాలి. దారి చెప్పే మనిషికి ఏం జరిగిందో ఎవరికి కావాలి?

ఆమెకు మాత్రం కావాల్సింది అదొక్కటే. బాపురావు నోటితో, నలుగురిలో, ఒక్కసారి చెప్పాలి. అడగడానికి ఆయన గుమ్మం తొక్కలేదు. ఆయన శక్కర్‌నగర్ వైపు ఉంటాడు, ఈ సందులోకి రాడు. పెళ్లిళ్లలో ఆమె ఒక పంక్తిలో కనబడితే, ఆయన తర్వాతి పంక్తికి లేస్తాడు.

మొన్న ఆషాఢంలో ఒక అమ్మాయి వచ్చింది. పొడుగు మనిషి, భుజానికి సంచి. తలుపు దగ్గరే నిలబడి గబగబా చెప్పేసింది.

"అవ్వా, నా పేరు నిఖిత. నర్సింగ్ చదివిన. బొంబాయిల దవాఖానల నౌకరి వచ్చింది. వచ్చే సోమవారం జాయిన్ గావాలె. నేను బాపురావు మనుమరాలిని. దేవన్న బిడ్డను. ఎల్లగొడ్తె ఇప్పుడే ఎల్లగొట్టు."

హన్మవ్వ వేళ్లు ఆగాయి. తునికాకు చుట్ట విప్పుకుని చాటలో పడింది. పక్కన బీడీలు చేస్తున్న భాగ్యలక్ష్మి తల ఎత్తింది.

"మీ తాతకు ఎరికేనా నువ్వొచ్చింది?"

"లేదు. బాపు పంపనంటుండు. మన ఇంట్ల ఒకామె బొంబాయి పోయి ఏమైందో యాదికుంచుకో అంటుండు."

"ఒకామెనా?"

"నువ్వే అవ్వా" అంది నిఖిత, ఈసారి మెల్లగా.

హన్మవ్వ కాసేపు ఆ పిల్ల మొహం చూసింది. తర్వాత చూపు కాళ్ల మీదికి దించింది. "చెప్పులు సూపియ్యి" అంది.

నిఖిత అర్థంకాక ఒక చెప్పు విప్పి ఇచ్చింది.

"తోలుది. గీ దినాలల్ల బొంబాయి పోయే కాళ్లకు తోలు చెప్పులా? వారం తిరగకముందే బూజు పడ్తయ్. రబ్బర్‌వి కొను. మడిమెకు పట్టీ ఉండాలె. పట్టీ లేకుంటె నీళ్లల్ల చెప్పు నీకంటె ముందు ఇంటికి పోతది. ప్యాంట్లు ఎన్ని తీస్కపోతున్నవ్, గా మందపువి?"

"నాలుగు జీన్సులు."

"ఒక్కటి చాలు. తడిస్తె ఆరయ్, కంపు కొడ్తయ్. పల్చటి బట్టలు వెట్టుకో. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్ల ఏసి, గా కవర్‌ను ఇంకో కవర్ల వెయ్. గాలివానకు గొడుగు పల్టీ కొడ్తది, రెయిన్‌కోటు తీస్కో. మన పసుపు, కొబ్బరినూనె డబ్బ మర్వకు. నానిన కాలివేళ్ల సందుల పాసి పుండైతె రాత్రికి పెట్టుకో."

నిఖిత అక్కడే కూర్చుండిపోయింది. అలా ఆ సాయంత్రం నీళ్లు సుడి తిరిగే చోట అడుగు పెట్టొద్దని తెలుసుకుంది, అక్కడ మోరీ మూత తీసి ఉంటుందట. వానకు బండ్లు ఆగిపోతే పట్టాల మీద దిగి నడవొద్దని, స్టేషన్‌లోనే కూర్చోవాలని తెలుసుకుంది. దారి అడిగితే నడిచిపోయేవాళ్లను కాదు, కొట్లో కూర్చున్నవాణ్ని అడగాలి. నడిచిపోయేవాడు తనకు తెలియదని ఒప్పుకునేంత సేపు కూడా ఆగడు. ఫాస్ట్ బండి ఎక్కితే దిగాల్సిన స్టేషన్ కళ్ల ముందే దాటిపోతుంది. అన్నిటికంటే కష్టం ఎక్కడం కాదు, దిగడం. ఒక స్టేషన్ ముందే తలుపు దగ్గరికి జరగాలి. అందరూ జరుగుతారు, సిగ్గుపడితే కల్యాణ్ దాకా పోవాల్సిందే.

"ఇప్పుడు ఏసీ లోకళ్లు ఒచ్చినయ్ అవ్వా. తలుపులు ఆటంతటవే మూసుకుంటయ్. మెట్రో గూడ ఉంది" అని నిఖిత ఫోన్‌లో వీడియో చూపించింది.

హన్మవ్వ ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది. "నడుమల కొంగు ఇరుక్కుంటెనో?"

"మళ్ల తెరుసుకుంటయట."

"నేను సూసిన బొంబాయి ముసల్దైంది ఉండు" అని నవ్వింది. ఇంకోసారి వేయమంది. ఆ రెండోసారి చూస్తున్నప్పుడు ఆమె కళ్లు రైలు మీద లేవు. ఈ పిల్ల నుదురు అచ్చం అత్తగారి నుదురు. అంటే కాశయ్య నుదురు కూడా.

నిఖిత వెళ్లిపోయాక భాగ్యలక్ష్మి పట్టుకుంది. "నీకు దిమాక్ ఉందా అక్కా? ఆ ముసలాయన వచ్చి నిజం చెప్తెనే నేర్పుత అనకపోయినవ్? చేతికి దొరికె గద!"

"పోరి ఏం జేసింది?"

"పోరి ఏం జెయ్యలే. ముసలోడు జేసిండు."

"అయితె ముసలోన్ని అడగాలె. పోరిని గాదు" అంది హన్మవ్వ. అని, చాట ముందుకు లాక్కుంది. కానీ ఆ రోజు ఆమె కట్టిన బీడీ కట్టలు సగం విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

మర్నాడు అసలు పాఠం. హన్మవ్వ ఇంటి తలుపు ఇరుకు. ఇద్దరు పట్టని ఆ తలుపే లోకల్ రైలు. బీడీలు అప్పజెప్పి వచ్చిన ఆడవాళ్లందరూ లోపల ప్రయాణికులు. అరుగు మీద నిలబడి హన్మవ్వ గార్డు. ఆమె నోటితో కూత పెట్టగానే లోపలివాళ్లంతా దాదర్ వచ్చిందని బయటికి తోసుకొస్తారు. వాళ్లను చీల్చుకుని, బండి కదిలేలోగా నిఖిత లోపలికి పోవాలి. ఎవరికి బొంబాయి ప్రయాణం పడినా హన్మవ్వ ఇలాగే నేర్పుతుంది. సందులో వాళ్లకు ఇది వినాయక చవితి కంటే ఎక్కువ సంబరం.

మొదటిసారి భాగ్యలక్ష్మి మోచేత్తో నిఖితను వాకిట్లోకి తోసేసింది. "ఏ పోరీ, నర్సువా, పెండ్లిపిల్లవా? ఎవలన్న ఒచ్చి చెయ్యి పట్టుకోని ఎక్కిస్తరా?"

"సంచి ఎన్క కాదు, ఛాతీ మీద ఏస్కో" అని గార్డు అరిచింది.

రెండోసారి గడప దాకా వచ్చింది. "టికెట్ సూపియ్యి!" అని ఎవరో చున్నీ పట్టుకున్నారు. నవ్వులతో సందంతా మారుమోగింది. ఆ నవ్వుల్లో సందు మొదట ఆటో ఆగడం ఎవరూ చూడలేదు.

నిఖిత తండ్రి దేవన్న ముందు నడిచాడు. కూతురు ఎక్కడుందో ఎవరో చేరవేశారు. బోధన్‌లో ఆ పనికి జీతం లేకున్నా మనుషులకు కొదవ లేదు. వెనక కర్ర పట్టుకుని బాపురావు. మనిషి ఎండిపోయాడు. తలుపు, గుంపు, అరుగు మీద హన్మవ్వ కనబడేసరికి అక్కడే నిలబడిపోయాడు.

మూడోసారి కూత పడింది. లోపలివాళ్లు ఉరికొచ్చారు. నిఖిత ఈసారి తెలివి చేశాననుకుంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి నిజామాబాద్ కాలేజీకి ఆమె రోజూ ఎక్కింది అలాగే. సంచి తీసి, అందరి తలల మీదుగా లోపలి మంచం మీదికి విసిరింది. దిగేవాళ్లకు దారిచ్చి, పక్కకు నిలబడి చేతులు దులుపుకుంది. "సీటు దొరికింది!" అంది.

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. హన్మవ్వ కొట్టలేదు.

"బండి పోయింది" అంది.

"ఇంక దిగుతనే ఉన్నరు గదవ్వా?"

"పోయింది బిడ్డా. నీ సంచి పోయింది. నువ్వు ఈడనే ఉన్నవ్."

ఆ గొంతుకు చప్పట్లు ఆగిపోయాయి. వెనకనుంచి దేవన్న మాట గట్టిగా వినబడింది. "గట్లనే గద! మూట మా బాపు మీదికి ఇసిరేసి నువ్వు ఎటో పోయినవ్. గదే నా బిడ్డకు నేర్పుతున్నవా? నిఖితా, నడు ఇంటికి. బొంబాయి లేదు, గింబాయి లేదు."

నిఖిత కదల్లేదు. హన్మవ్వ దేవన్న వైపు చూడలేదు. ఆమె చూపు ఆయన వెనక కర్ర పట్టుకున్న మనిషి మీదే ఉంది. ఆనాడు మొగుడి భుజం మీదుగా చూసిన చూపే. అడగలేదు.

బాపురావు చుట్టూ చూశాడు. వెనక్కి తిరిగి పోవడానికి దారి ఉంది, ఆటో కూడా ఉంది. మనుమరాలు ఏడుపు ఆపుకుంటూ ఆయన వంక చూసింది.

"ఎటు పోలేదు" అన్నాడు.

"ఏంది బాపూ?" అన్నాడు దేవన్న.

"ఎటు పోలేదురా. ఆమె ఆడనే నిలవడ్డది. బండి కదులుతుంటె నేను సూసిన." ఆయన కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. "మూట పడ్డ సీట్ల నేను కూసున్న. మన్మాడ్ కాడికెల్లి నిలబడి ఒచ్చినమాయె, కాళ్లు గుంజుతున్నయ్. ఎక్కుతది తియ్ అనుకున్న. లేస్తె సీటు పోతదనుకున్న. లేసేసరికి బండి ఉరుకుతుంది. ముందటి టేసన్ల దిగపోతె మంది దిగనియ్యలే. గప్పుడు భయమైంది. మనిషిని ఇడిసిపెట్టి సీట్ల కూసున్ననని తమ్మునికి ఏ మొకంతోని చెప్పాలె? నోటికొచ్చింది చెప్పిన."

"రెండు టేసన్లకా!" అంది భాగ్యలక్ష్మి. "రెండు టేసన్ల సీటుకా, పెద్దమనిషీ!"

దేవన్న అరుగు చివర కూర్చుండిపోయాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న కథను ఆయన ఎన్ని పెళ్లి పందిళ్లలో, ఎంతమందికి చెప్పాడో ఆయనకే తెలియదు.

ఈ ఒక్క ఘడియ కోసం హన్మవ్వ ఎన్నోసార్లు మాటలు కూర్చుకుని పెట్టుకుంది. వర్లిలో రొట్టెలు కాలుస్తూ కూర్చుకుంది, బీడీలు చుడుతూ కూర్చుకుంది. ఇప్పుడు వెతికితే ఒక్కటీ అందలేదు. అరుగు దిగి లోపలికి పోయి, మంచం మీది సంచి తెచ్చి నిఖిత మెడలో వేసింది. ఛాతీ మీదికి సర్దింది.

"మనిషి ముందు. సంచి మనిషి ఒంటి మీద. మళ్ల ఎక్కు" అంది.

గుంపు మళ్లీ లోపలికి పోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, కానీ తోయడం మాత్రం గట్టిగానే తోశారు. నిఖిత భుజం ముందు పెట్టి, తల వంచి, వాళ్ల మధ్యలోంచి దూరి లోపల పడింది.

ఆదివారం నిజామాబాద్ స్టేషన్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి దేవన్నే వచ్చాడు. హన్మవ్వ రాలేదు, బీడీలు అప్పజెప్పే పని ఉందంది. సోమవారం నిఖిత ఫోన్ చేసింది. "చిన్నవ్వా, చేరిన. మోకాళ్ల దాక నీళ్లున్నయ్, చెప్పులు నా కాళ్లకే ఉన్నయ్" అంది. తాత తమ్ముడి భార్యను పిలిచే ఇంటి వరసతో చిన్నవ్వా అన్నది అదే మొదటిసారి. ఆ మాట కోసమే ఫోన్ పెట్టేశాక కూడా హన్మవ్వ దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.

సందులో పలకరింపులు మారాయి. ఇన్నేళ్లూ మూతి తిప్పినవాళ్లు, మాకు ముందే తెలుసన్నారు. వాళ్లు అంతకంటే ఏమంటారు? నమ్మినప్పుడు ఎవరూ రుజువు అడగలేదు, ఇప్పుడు క్షమాపణ కూడా ఎవరూ చెప్పలేదు.

బాపురావు మాత్రం శ్రావణం చివర ఒక మధ్యాహ్నం ఒక్కడే వచ్చాడు. వాళ్లిద్దరూ కలవడం అదే ఆఖరు. బతుకమ్మ పండుగ రాకముందే ఆయన పోయాడు. ఆ రోజు హన్మవ్వ చాప పరిచి, చాయ్ పెట్టి ఇచ్చింది. ఆయన తాగకుండా గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"నాడు మందిల చెప్పిన. అది పోరి కోసం" అన్నాడు చివరికి. "నీకు చెప్పలే. నీకు చెప్దామని ఒచ్చిన. తప్పు నాది హన్మవ్వా. నువ్వు ఏ తప్పు జెయ్యలే."

హన్మవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కోపం ఉందేమోనని తనలో తాను వెతుక్కుంది. ఉంది, కానీ ఈ ఎండిన మనిషి మీద పెట్టేంత బరువు లేదు.

"నాకెందుకు చెప్తవ్ బావా? నేను తప్పు జెయ్యలేదని నాకు ఎరికే" అంది. "ఎరుక లేకుంట పోయినోడు కాశయ్య. చాయ్ తాగు. మొగులైంది, వాన ఒచ్చేటట్టుంది, ఆటో కాడి దాక నేనొస్త."